ధహ్రాన్‌లో వండిన కోయింబ్రా కూర

మొన్న శుక్రవారం మా తమ్ముడి కూతురు ఫోనుకు ఒక జాబితా పంపింది. పై చదువుకని పోర్చుగల్‌లోని కోయింబ్రా నగరానికి వెళ్ళి నెల కూడా కాలేదు, అప్పుడే ఆ ఊళ్ళో ఎక్కడ తినాలో, ఎక్కడ వైన్ తాగాలో ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన పది చోట్ల పేర్లు పంపి, వీటిలో ఏది మంచిదో చెప్పమంది. నాకు ముందు కోపమే వచ్చింది. ఇంటర్నెట్‌ను అడిగాక అడగవలసినవాణ్ణా నేను? యూరప్‌లో కాలు పెట్టలేదు, వైన్ చుక్క నాలుక మీద పడలేదు, అయినా ఆ ఊరి తిండి గురించి మా ఇంట్లో మొదట మాట్లాడే హక్కు నాది. నాలాగే సగం జీవితం గల్ఫ్‌లో పరాయి వంటగదుల్లో గడిపినవాళ్ళకు ఈ పట్టుదల అర్థమవుతుంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఇక్కడే, సౌదీలోని ధహ్రాన్‌లో, ఇంజనీర్లు ఉండే కాంపౌండు భోజనశాలలో నేను వంటవాణ్ణి. కాగితాల్లో మాత్రం సహాయకుడని రాశారు; అదీ నేను మరచిపోలేదు. పెద్ద వంటవాడు హైదరాబాద్ ఆయన, అందరూ ఉస్తాద్ అనేవారు. రోజూ అక్కడ తినేవాళ్ళలో కోయింబ్రా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. జనమంతా వెళ్ళిపోయాక కాఫీ కప్పుతో వంటగది తలుపు దగ్గర నిలబడి, తన ఊరి మెట్ల దారులూ, నదీ, ఆ సందుల్లో నాలుగు బల్లలు మాత్రమే పట్టే పూటకూళ్ళ ఇళ్ళూ వర్ణించేవాడు. అక్కడ మేకమాంసాన్ని ఎర్ర వైన్‌లో ముంచి మట్టికుండలో గంటల తరబడి ఉడికిస్తారట. మేకమాంసం అనగానే జగిత్యాలవాణ్ణి, నేను చెవి ఒగ్గి వినేవాణ్ణి.

ఆయన ఉద్యోగం ముగించి స్వదేశానికి వెళ్ళే వారంలో వీడ్కోలు భోజనం పెట్టారు. ఏం కావాలని అడిగితే ఆ కూరే అడిగాడు. వైన్ దొరకని దేశంలో అది కుదరదని ఉస్తాద్ తేల్చేశాడు. నేను చేస్తానన్నాను.

"ఏం పోస్తవయ్యా వైన్ బదులు, పచ్చిపులుసా?" అన్నాడు ఉస్తాద్. వంటగదంతా నవ్వింది. "మూతి గూడ తడపనోనివి, నీకేమెరుక దాని రుచి?"

తెలియదు నిజమే, కానీ తెలిసినవాడు ఎదురుగా ఉన్నాడు కదా. నేను వెళ్ళి వైన్ తాగితే నోట్లో ఏమవుతుందో చెప్పమని పెద్దాయనను అడిగాను. మొదట పులుపు, తర్వాత నాలుకను పట్టుకునే వగరు, మింగాక ఎక్కడో దూరంగా తీపి అని వచ్చీరాని ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పాడు. నల్లద్రాక్ష రసం చిక్కబడేదాకా కాచాను. పులుపుకు చింతపండు, వగరుకు పాలు పోయని చిక్కటి టీ డికాక్షన్, చివరి తీపికి బురైదా తోటల్లో పనిచేసే మా ఊరివాడు పంపిన ఖర్జూరాలు. మాంసాన్ని ఒక పూటంతా అందులో నానబెట్టి, మట్టికుండ లేదు కాబట్టి మందపాటి దేక్చాకు బిర్యానీకి పెట్టినట్టు పిండి ముద్దతో మూత బిగించి, సన్నని సెగ మీద వదిలేశాను.

పెద్దాయన మొదటి ముద్ద తిని చెంచా కింద పెట్టేశాడు. తర్వాత ఎవరు వండారని అడిగాడు. ఉస్తాద్ ఏప్రాన్ సర్దుకుని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు, ఫోటో తీశారు. నేను గిన్నెల దగ్గరున్నాను. ఆ ఫోటో భోజనశాల గోడ మీద ఏళ్ళ తరబడి వేలాడింది. దాని కింద నా పేరు రాయమని క్యాంపు ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి.

అయితే మర్నాడు పెద్దాయన వంటగది వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. వైన్ రుచి సంగతి అడిగినవాడు ఎవడో, వండినవాడు ఎవడో ఆయనకు తెలియదా? ఒక కాగితం మీద తన ఊరి పటం గీసి, మూడు చోట్ల చుక్కలు పెట్టి, ఎక్కడ ఏ వైన్ అడగాలో రాసి, పైన నా పేరు వేసి చేతిలో పెట్టాడు. ఆ కాగితాన్ని పాస్‌పోర్టు కవర్లో దాచుకున్నాను. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఆ కూర వండాను. తమ్ముడి కూతురితో సహా ఇంట్లో పిల్లలంతా అది తింటూనే పెరిగారు. కానీ అసలు కూర రుచి ఎరిగినవాళ్ళెవరూ మా ఇంట్లో లేరు. ఉస్తాద్ నవ్వు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

అందుకే ఆ జాబితాను పక్కన పెట్టమని చెప్పి, కాగితాన్ని ఫోటో తీసి పంపాను. ఆదివారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మొదటి చుక్క దగ్గర ఇప్పుడు ఫోన్ల దుకాణం ఉందట, రెండోది మూసేశారట. మూడోది, మెట్ల పక్కన, అలాగే ఉంది.

"పెద్దబాపూ, కుండ మూత తియ్యంగనే మనిల్లు యాదికొచ్చింది" అంది. "గదే కూర. వైన్ గూడ గ్లాసుల పోసుకొని రుచి జూసిన. పులుపు, వగరు, ఆఖరికి జర తీపి. నువ్వు చేసినట్టే ఉన్నది. గని నీదాంట్ల ఖర్జూరం ఉంటది సూడు, గది వీళ్ళకు తెల్వది."

ఇరవై రెండేళ్ళకు తీర్పు వచ్చింది. ఇన్నేళ్ళూ దాచిన అర్జీల నకళ్ళ మీద ఆ తీర్పు రాసుకున్నాను, సిగ్గేమీ లేదు. ఉస్తాద్‌కు వినిపిద్దామనుకున్నాను, ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా వెళ్ళి చాలాకాలమైంది, నంబరు ఎవరి దగ్గరా లేదు. భోజనశాలకు రంగులు వేసినప్పుడు ఫోటో కూడా ఎటో పోయింది. ఇప్పుడు అక్కడికి కూరలు మూతలు అంటించిన డబ్బాల్లో వస్తాయి. మేం వేడి చేసి పెడతాం, ఇంజనీర్లు ఫోన్లు చూసుకుంటూ తిని వెళ్ళిపోతారు. ఎవరు వండారని ఎవరూ అడగరు. ఆ రోజుల్లో నా కూరను తనదని చెప్పుకోవడానికైనా ఒక మనిషి ముందుకు వచ్చేవాడు.