బొటనవేలి మామ

నాలుగో తరగతిలో బడి నుంచి పరుగెత్తినవాణ్ణి నేను. ఆ వేగం గుండ్రటి తట్టలాంటి పుట్టి పడవలో తెడ్డు పట్టుకున్నా తగ్గలేదు. ధర్మవరం చెరువులో చేపలు పట్టే మామ నా వెనక కూర్చుని, చేపపిల్లలా మెరిసే ఇత్తడి ఎర కట్టిన దారాన్ని పుట్టి వెనక నీళ్లలోకి వదిలి, దాని కొసను కాలి బొటనవేలికి చుట్టుకునేవాడు. ఎర ఎంత లోతులో ఉందో ఆ వేలే చెప్పేది.

ఒకసారి జ్వరంతో మూడు రోజులు ఏమీ తినని అత్త, కొరమీను పులుసైతే తింటానంది. మామతో పుట్టి ఎక్కి నేను ఆత్రంగా తెడ్డు తోశాను.

"మెల్లగప్పా! ఎర నీళ్లమీద తేలతాండాది."

ఆపేశాను.

"ఇప్పుడు బురదలో కూచుండాది గదప్పా!"

తోశాను, ఆపాను, మళ్లీ తోశాను. చివరికి చేతులు పడిపోయి తెడ్డు వదిలేశాను. గాలికి పుట్టి తనంతట తానే నెమ్మదిగా కదిలింది. అప్పుడు మామ బొటనవేలిని ఏదో గట్టిగా గుంజింది. కొరమీను!

సాయంత్రం పులుసు తింటున్న అత్తతో, "అంతా నా తెడ్డు మహిమే" అన్నాను.

"మీ మామ చెప్పినాడులే. ఈసారి పుట్టి ఎక్కకముందే అలిసిపో నాయనా" అంది అత్త.