జాజి కేసెట్

రెండువేల రెండో సంవత్సరం ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, సాయంత్రం ఆరున్నర గంటలకు, నరసాపురంలో మా లేసు గొడౌను ముందు జరిగిన కచేరీలో ఒక పెద్దమనిషిని పట్టుకుని నకిలీ మనిషన్నారు. అన్నవాళ్లు తెలియక అన్నారు. తెలిసి నోరు మూసుకున్నవాడు ఒకడున్నాడు. వాడు మా మరిది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, రాత్రి బడిలో. తిప్పి తిప్పి రాయడం నాకు రాదు.

మా మరిదికి స్టేషను రోడ్డులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే షాపు ఉంది. మైకు సెట్లు కూడా అద్దెకిచ్చేవాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని పిల్లాడు. మా అత్తగారు మంచం పట్టడంతో నా చేతి అన్నం తినే పెరిగాడు. షాపు తెరిచిన రోజు దీపం నాచేతే వెలిగించాడు. వాడు ఏం చెప్పినా నమ్మేదాన్ని.

ఆ కచేరీకి మూడు నాలుగేళ్ల ముందు సంగతి. యానాంలో ఎవరింట్లోనో వేడుకకి మైకు కట్టడానికి వెళ్లాడు. అక్కడ ఒక పెద్దాయన శాక్సఫోన్ వాయించాడట. కుర్రతనంలో కలకత్తా హోటళ్లలో వాయించి, వయసు మీదపడ్డాక సొంతూరు వచ్చేసిన మనిషి. మా వాడు టేపురికార్డరు పెట్టి ఆ కచేరీ అంతా పట్టుకొచ్చాడు. మర్నాడు మా అరుగు మీద వేసి వినిపించాడు.

"ఏంట్రా ఇది, పెళ్లి బ్యాండా?" అన్నాను.

"కాదు వదినా. జాజ్ అంటారు దీన్ని."

పక్కన లేసు అల్లుకుంటున్న మా ఆడపడుచు సూది ఆపకుండానే, "జాజి అంటున్నాడు వదినా. వాసన రావట్లేదేంటి మరి?" అంది.

అరుగంతా నవ్వింది. ఆ పేరే ఖాయమైపోయింది. మా వీధిలో అందరికీ అది జాజి కేసెట్టే.

మొదట్లో మాకేమీ అర్థం కాలేదు. పాట ఎక్కడ మొదలైందో, పల్లవి ఎక్కడుందో తెలిసేది కాదు. నాలుగైదుసార్లు విన్నాక చేతులకి తెలిసింది. రేవులో పడవ కదిలిపోతుంటే అందుకోడానికి పరిగెత్తే మనిషిలా ఉండేది ఆ పాట పరుగు. ఆ పరుగుతోపాటే మా సూదులూ నడిచేవి. కేసెట్ వెయ్యని రోజు పని సాగేది కాదు. పాట ఆగాక చప్పట్లు వినిపించేవి. చప్పట్ల వెనక ఒక పసిగొంతు, "ఇంకోటి మాస్టారూ" అని సాగదీసేది. యానాంలో పిల్లలక్కూడా ఇదంటే ఇష్టం కాబోలని ముచ్చటపడేవాళ్లం.

ఎవరైనా అడిగితే మా మరిది కాపీ చేసి ఇచ్చేవాడు. బజార్లో ఎక్కడా దొరకని కేసెట్ అని పేరు పడింది. భీమవరం ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. సఖినేటిపల్లి నుంచి రేవు దాటి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. అందరిదీ ఒకటే మాట, ఈయన్ని ఒక్కసారి ఎదురుగా వినాలని.

మా మరిదికి చెబితే తల గోక్కున్నాడు. "పెద్దాయన్ని ఇప్పుడు కదపడం ఎందుకు వదినా. కేసెట్ ఉందిగా."

ఆయన వయసు చూసి జాలిపడుతున్నాడనుకున్నాను. అప్పుడు నేను ఊహించింది అంతే.

నేనూ, మా ఆడపడుచూ బస్సెక్కి యానాం వెళ్లాం. చిన్న ఇల్లు, భార్య పోయారు, ఒక్కడే ఉంటున్నాడు. ఇంట్లో రేడియో కూడా లేదు. కేసెట్ సంగతి చెప్పేసరికి నమ్మలేక చూశాడు.

"నా పాట మీ ఊళ్లో వింటున్నారా అమ్మా?"

"వినడమేంటండి. అది వింటూ అన్నాలు కూడా మర్చిపోతాం."

"కలకత్తాలో నేను వాయిస్తుంటే జనం భోజనం చేసేవాళ్లమ్మా. చెంచాల చప్పుడే నాకు చప్పట్లు. నన్ను దాచుకుని వినేవాళ్లు ఉన్నారంటే ఒకసారి వాళ్లకి వాయించాకే పోవాలి" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి మళ్లీ ఆపాడు. "ఊపిరి తగ్గిందమ్మా. నన్ను నవ్వులపాలు చెయ్యరు కదా?"

"ఆ పూచీ నాది" అన్నాను.

ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లబూట్లు. తోడు డ్రమ్ములు వాయించే ముసలి స్నేహితుడు. గొడౌను ముందు కుర్చీలు నిండిపోయి, జనం గోడలెక్కి కూర్చున్నారు. మైకు సెట్టు మా మరిదిదే.

ఆయన మొదలుపెట్టాడు. అదే పాట. కానీ మెల్లిగా, మందంగా, ఎక్కడో కింద నుంచి వస్తోంది. నా వేళ్లు వాటంతటవే ముందుకు పరుగెత్తి ఆగిపోయాయి. కాసేపటికి కుర్చీలు కదలడం మొదలైంది.

"మాస్టారూ, కాస్త కేసెట్‌లో లాగా కానివ్వండి" అన్నాడు ఒక కాలేజీ కుర్రాడు.

ఆయన ఆపి, చేత్తో చెమట తుడుచుకున్నాడు. "ఇది ఇలాగే ఉంటుంది బాబూ."

"మా దగ్గరుందండి కేసెట్. మాకు తెలీదా?"

"ఈయన ఆయన కాదురా. వాళ్ల నాన్నగారు" అన్నాడు గోడమీద నుంచి ఇంకొకడు. జనం నవ్వారు.

ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు. పాపం, వేగంగా వాయించబోయాడు. మధ్యలో ఊపిరి తెగి దగ్గొచ్చింది. అప్పుడు ఎవరో, "ఆ కేసెట్ వెయ్యండి, తేలిపోతుంది" అని కేకేశారు. మా మరిది వేశాడు. వద్దనొచ్చు, కేసెట్ తేలేదని అబద్ధమైనా ఆడొచ్చు. వాడు మాత్రం జేబులోంచి తీసి, సెట్టులో పెట్టి, సౌండు పెంచాడు.

పెద్దాయన తల వంచి విన్నాడు. "ఇది నేను కాదు. నేనింత వేగంగా ఏనాడూ వాయించలేదు" అన్నాడు.

"విన్నారా, ఆయనే ఒప్పేసుకున్నాడు."

"డూప్లికేటుని తెచ్చి కూర్చోబెట్టారండి మనకి."

ఈలలు వేశారు. లేచిపోయేవాళ్లు లేచిపోతున్నారు. పెద్దాయన నావైపు చూశాడు.

కేసెట్ మాత్రం తిరుగుతూనే ఉంది. పాట అయింది, చప్పట్లు వచ్చాయి, వాటి వెనక ఆ పసిగొంతు, "ఇంకోటి మాస్టారూ" అంది. డ్రమ్ముల దగ్గరున్న ముసలాయన దిగ్గున లేచాడు.

"ఆ మాట నాదమ్మా. ఆ రోజు ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు. నేనే అన్నాను." బొంగురు గొంతుతో ఆ మాట మళ్లీ అని చూపించాడు. అదే సాగదీత. గొంతే వేరు.

నేను తిన్నగా సెట్టు దగ్గరకి వెళ్లాను.

"ఏం చేశావురా?"

"నేనేం చెయ్యలేదు వదినా. ఆ రోజు టేపుకి కరెంటు దొరకలేదు, సెల్లుల మీద పెట్టాను. అవి అయిపోవచ్చాయి, టేపు మెల్లిగా తిరిగింది. అలా పట్టిన పాటని ఇంటికొచ్చి కరెంటు మీద వేస్తే పరుగెత్తింది. గొంతులు కూడా సన్నబడిపోయాయి."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిరోజే. మీ అందరికీ అలాగే నచ్చింది కదా అని ఊరుకున్నాను."

"మరి ఇందాక?"

"ఇందాక చెబితే నా షాపు మొహం ఎవడు చూస్తాడు వదినా. ఆయన రేపు యానాం పోతాడు. నేనిక్కడే బతకాలి."

అన్నం పెట్టిన చేత్తో కొట్టబోయి ఆగాను. మైకు లాక్కుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సెల్లుల సంగతి, టేపు సంగతి, ఎవరికి ఎప్పటినుంచి తెలుసో ఆ సంగతీ. రేవు దాటించే ఆఖరి పంటు వేళయిందని సగం మంది అప్పటికే వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు విన్నారు.

ఆ కాలేజీ కుర్రాడు ముందుకొచ్చి, "సారీ అండి మాస్టారూ. మళ్లీ వాయించండి, మీ ఇష్టమొచ్చినట్టే వాయించండి" అన్నాడు.

పెద్దాయన శాక్సఫోన్ విప్పి పెట్టెలో సర్దుకుంటున్నాడు. "అయితే ఇన్నాళ్లూ మీరు దాచుకున్నది నన్ను కాదన్నమాట" అన్నాడు. కోపంగా అనలేదు. పెట్టె మూసి, నాకు దణ్ణం పెట్టి, స్నేహితుడి భుజం పట్టుకుని బస్టాండుకి నడిచాడు. భోజనానికి ఉండమంటే ఉండలేదు. ఆ తరవాత ఎక్కడా వాయించలేదని విన్నాను.

మా మరిదితో మాటలు ఆ పూటతో సరి. వాడు మాత్రం ఊరుకోలేదు. "కచేరీ తుస్సుమనేసరికి మా వదిన సెల్లుల కథ ఒకటి అల్లింది, అలాంటి మాట నేను అననే లేదు" అని ఇప్పటికీ షాపులో కూర్చుని చెబుతున్నాడు. యానాం నుంచి నకిలీ మనిషిని తెచ్చారన్న మాటే ఊళ్లో నిలబడిపోయింది. అందుకే ఇది రాశాను. వాడు నాతో అన్నది దగ్గర నిలబడి విన్నది మా ఆడపడుచు. నేను మైకులో చెప్పినప్పుడు ఉన్నది సఖినేటిపల్లి లెక్కల మాస్టారు, ఆయన భార్య, భీమవరం కుర్రాళ్లలో వెళ్లిపోకుండా ఆగిన నలుగురు, గొడౌను వాచ్‌మన్, మా అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్లందరూ, డ్రమ్ముల ముసలాయన, శాక్సఫోన్ మాస్టారు, సెట్టు పక్కన వైరు చుట్టుకుంటూ తల ఎత్తని మా మరిది, నేను.