అత్తగా బయలుదేరి అమ్మగా దిగాను: రాజాం నుంచి భావనపాడు

సుభద్రా, రామతీర్థం మీద రాసిన పోస్టు కింద నువ్వు పెట్టిన వ్యాఖ్యని ముందు సరిదిద్దాలి. “ఈ వయసులో తుర్క్‌మెన్ భాష నీకెందుకక్కా, వచ్చినావిడని ఆంటీ అంటే సరిపోతుంది కదా” అన్నావు. సరిపోదు. ఆవిడ నాకంటే పాతికేళ్ళు చిన్నది, అదొకటి. రెండోది, ఆంటీ అనేది వరస కాదు. ఎదుటి మనిషి తమకి ఏమవుతుందో తేల్చుకోవడానికి బద్ధకించినవాళ్ళు వాడే మాట. మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను, సుభద్ర మా చెల్లెలు. శ్రీకాకుళంలో ఉంటుంది. నేను రాసిందల్లా సగం చదివి, వ్యాఖ్య మాత్రం పూర్తిగా రాస్తుంది.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానంటే, మా మనవరాలు సింధుతో రాజాంలో ఇంజనీరింగ్ చదివిన జెరెన్ అనే పిల్ల కోసం. తుర్క్‌మెనిస్తాన్‌లో మారీ అనే ఊరి పక్క పల్లె వాళ్ళది. నాలుగేళ్ళుగా పండగలకీ సెలవులకీ విజయనగరంలో మా ఇంటికే వస్తుంది, సింధులాగే నన్ను నానమ్మా అంటుంది. బి.టెక్ అయింది, అక్కడే ఎం.టెక్ సీటు వచ్చింది. చేరుతుందో లేదో సోమవారంలోగా చెప్పాలి. ఈలోగా వాళ్ళమ్మ గుల్షాత్ పట్టా పుచ్చుకునే రోజుకని వచ్చింది. నిజానికి వచ్చింది కూతుర్ని వెంటబెట్టుకుపోవడానికి. “అక్కడ మనవాళ్ళంటూ ఎవరున్నారే” అన్నది ఆవిడ మాట. మేమున్నామని ఆవిడకి తెలియాలి. చెప్పాల్సింది నేను. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

అందుకని మూడు వారాలు, రోజూ సాయంత్రం పావుగంట, జెరెన్ ఫోనులో చెప్పింది చెప్పినట్టు రూళ్ళ పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, హోంవర్కు చేయడం ఎంత చిరాకో అప్పుడు తెలిసింది. కానీ ఆ మాటలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఎజె, నాన్న కాకా. అన్నకి ఆగా, తమ్ముడికి వేరే మాట. ఇంగ్లీషువాడిలా ఇద్దరినీ ఒకే గాటన కట్టరు. మేనమామ దాయి, పిన్ని దాయ్‌జా. నాన్నని కన్నావిడ ఎనె, అమ్మని కన్నావిడ మామ. వియ్యంకులకి కూడా వాళ్ళకో మాట ఉంది, గుద. వియ్యంకుడికి మాట ఉన్న భాషని నేను నమ్ముతాను. కష్టమల్లా ఒకటే. దాయ్‌జాలో ఉన్న జ పలకాలంటే నాలుక కొస పళ్ళ మధ్యకి తేవాలి. కట్టుడు పళ్ళవాళ్ళు ఇంట్లో సాధన చేసి బయలుదేరండి.

విజయనగరంలో ఉదయం అయిదున్నరకి కారెక్కాను. రోజంతటికీ అయిదు వేల అయిదు వందలు, డ్రైవరు భోజనం మనదే. చీపురుపల్లి మీదుగా రాజాం గంటన్నర. బస్సులు కూడా తరచుగా ఉన్నాయి, కానీ భావనపాడు దాకా వెళ్ళి ఒక్క రోజులో తిరిగి రావాలంటే కారే నయం. డ్రైవరు అప్పలనాయుడు నేను వల్లించుకుంటున్న మాటలు చీపురుపల్లి దాకా ఓపిగ్గా విని, అక్కడ ఆగలేకపోయాడు.

“మామ అంటే అమ్మమ్మేటి మాస్టారమ్మా? మా మావకీ మాట సెప్తే నెల రోజులు ఇంటి నుంచి బయటికి రాడు.”

మీ మావకి చెప్పకు, రోడ్డు చూడు అన్నాను.

ఏడింటికి రాజాంలో కాలేజీ దగ్గర లాడ్జి ముందు ఆగాం. గుల్షాత్ పొడుగు మనిషి, కాళ్ళ దాకా గౌను, తలకి ఎర్రపూల రుమాలు, దాని అంచుకి కుచ్చులు. చెయ్యి పట్టుకుని, మూడు వారాలుగా తయారుచేసుకున్న వాక్యం అప్పజెప్పాను. “మెన్ జెరెనింగ్ ఎనెసి.” నేను జెరెన్ నానమ్మని. ఒక్క అక్షరం తప్పలేదు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి నన్నొకసారి, కూతుర్నొకసారి చూసింది. ఆ తర్వాత తలవంచి, రుమాలు కొస లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత మర్యాదస్తురాలు అనుకుని మురిసిపోయాను.

ఇడ్లీ తింటున్నప్పుడు కూడా ఆ మర్యాద పోలేదు. ఎనిమిదింటికి బయలుదేరి చిలకపాలెం దగ్గర హైవే ఎక్కాం. పొందూరు ఖద్దరు గురించి చెప్పాను, తలూపింది. నాగావళి చూపించాను, తలూపింది. ప్రయాణం బాగా జరిగిందా అని అడిగితే కూతురి చెవిలో ఏదో అంది. బాగా జరిగిందట. శ్రీకాకుళం దాటేసరికి నాకే విసుగొచ్చింది. సోమవారం దగ్గర పడుతోంది, మాట్లాడాల్సిన మనిషి నోటికి గుడ్డ అడ్డం.

నరసన్నపేటలో టీకి ఆగినప్పుడు జెరెన్‌ని పక్కకి పిలిచి, మీ అమ్మకి నేను నచ్చలేదా అని అడిగాను. ఆ పిల్ల తెలుగు మా సింధు తెలుగు కంటే శుభ్రంగా ఉంటుంది. “అయ్యో, చాలా నచ్చారు నానమ్మా. మీరు ఎనె అన్నారు కదా, అంటే మా అమ్మకి అత్తగారయ్యారు. మా పల్లెలో కోడలు అత్తమామల ముందు ఇలాగే రుమాలు పట్టుకుంటుంది, మాట్లాడదు. మా సొంత ఎనె ముందు అమ్మ ఆరేళ్ళు మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే నాతో చెప్పించేది.”

మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదే అంటే, “వరస ఒకసారి పెట్టాక తీయకూడదని మీరే చెప్పారు” అంది. చెప్పాను. మొదటి ఏడాది ఆ పిల్ల మా పక్కింటాయన్ని ఒకరోజు బాబాయ్ అనీ ఇంకోరోజు సార్ అనీ పిలుస్తుంటే కూర్చోబెట్టి మరీ చెప్పాను. సింధు పిలుపునే తుర్క్‌మెన్‌లోకి తెచ్చుకున్నాను గానీ, ఆ పిలుపు వల్ల పిల్ల తల్లికి ఏమవుతానో చూసుకోలేదు. నలుగురికీ వరసలు సరిచేసే నేను, మూడు వారాలు కష్టపడి చదివి, బతిమాలుకోవాల్సిన మనిషికి అత్తనయ్యాను.

టెక్కలి దగ్గర హైవే వదిలి నౌపడ మీదుగా, ఉప్పు మళ్ళు చూసుకుంటూ పదకొండుంపావుకి భావనపాడు చేరాం. టెక్కలి నుంచి ఆటోలు కూడా దొరుకుతాయి, కానీ తిరిగొచ్చేటప్పటికి ఆటో ఉంటుందో లేదో ముందే మాట్లాడుకోండి. భోజనం నూకాలమ్మ ఇంట్లో. ఆ చుట్టుపక్కల హైస్కూల్లో పనిచేసినప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివి, లెక్కల పుస్తకం నాకే అప్పగించి వెళ్ళిపోయింది. ఇప్పుడు టెక్కలి సంతకి చేపలు వేస్తుంది. ముందురోజు ఫోను చేస్తే మనిషికి రెండొందల యాభైకి వండిపెడుతుంది. చందువ పులుసు, వేయించిన నెత్తళ్ళు. నేను చేప తినను, పులిహోర డబ్బా వెంట తెచ్చుకున్నాను. సముద్రం ఒడ్డుకి చింతపండు మోసుకొచ్చిన మనిషిని నిన్నే చూశానంది నూకాలమ్మ.

గుల్షాత్ ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో రుమాలు. పులుసులో కొస మునిగింది. నూకాలమ్మ చూసి చూసి, గరిటె కింద పెట్టింది.

“ఏటి టీచరమ్మా, ఆ సుట్టం పొద్దున్నుంచీ ఇలాగే ఉన్నాదా? నా పులుసు బాగోలేదేటి?”

జరిగింది చెప్పాను. నూకాలమ్మ నవ్వలేదు, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

“అత్తనని నువ్వే సెప్పీసుకుంటే కోడలేటి మాటాడతాది? నాకూ ఇద్దరు కోడళ్ళున్నారు. నానింట్లో ఉన్నంతసేపూ నోరిప్పరు. గుమ్మం దాటితే సముద్రం హోరు కూడా ఇనపడదు వాళ్ళ మాటల్లో.”

పెట్టిన వరస ఎలా తీస్తానే అన్నాను.

“తియ్యడమెందుకు. మాలో రెండు వరసలు కలిస్తే పుట్టింటి వరస పట్టుకుంటాం. పొద్దున్నే లేచి రాజాం దాకా ఎదురెల్లి తీసుకొచ్చిందెవులు? నువ్వే కదా. అత్తోరు ఎదురెల్తారేటి? పుట్టింటోళ్ళే ఎల్తారు. సెప్పు ఆవిడికి.”

ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ ఇంత తొందరగా మార్కులు వేయలేదు. చెయ్యి కడుక్కుని గుల్షాత్ ఎదురుగా కూర్చున్నాను. పుస్తకం తీయలేదు. “మెన్ జెరెనింగ్ మామసి. సెన్ మెనింగ్ గిజిమ్.” నేను జెరెన్ అమ్మమ్మని. నువ్వు నా కూతురివి. ఎదురెళ్ళడం సంగతి జెరెన్ వాళ్ళ భాషలో చెప్పింది. గుల్షాత్ ఒక్క క్షణం నూకాలమ్మ వైపు చూసింది. తర్వాత రుమాలు వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మొదలుపెట్టింది.

పొద్దుటి నుంచి నోట్లో దాచుకున్న ప్రశ్న అది. రెండో ఏడాది వానాకాలంలో నా కూతురు పన్నెండు రోజులు వీడియోలో కనిపించలేదు, కెమెరా పాడైందంది. అప్పుడేం జరిగింది? జెరెన్ తర్జుమా సగంలో ఆపి నా మొహం చూసింది. నేను తప్పించుకోలేదు. డెంగీ వచ్చిందనీ, హాస్టల్ నుంచి మా ఇంటికి తీసుకొచ్చామనీ, రాత్రి సింధూ పగలు నేనూ పక్కన కూర్చున్నామనీ చెప్పాను. జెరెన్ తలొంచుకుని అన్నీ తర్జుమా చేసింది, తన అబద్ధంతో సహా. గుల్షాత్ కూతురి కంచంలోంచి ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది, నాలుగేళ్ళ పిల్లకి ఏరినట్టు. అది అయ్యాక నాతో అంది. పిల్ల ఉండొచ్చు. కానీ ఈసారి జ్వరమొస్తే పిల్ల చెప్పకూడదు, మామ చెప్పాలి, తన భాషలో. అంటే నా హోంవర్కు ఇంకా అయిపోలేదన్నమాట.

మూడింటికి బయలుదేరి పావుతక్కువ అయిదుకి శ్రీకాకుళంలో సుభద్ర ఇంట్లో కాఫీ. సుభద్రా, నువ్వు వంటింట్లో నా చెవిలో “ఈవిడ ఇంతలా మాట్లాడుతుందేంటక్కా” అన్నావు. భోజనం దాకా ఆవిడ ఎలా ఉందో చూసి ఉంటే అలా అనవు. వెళ్ళిన చోట వరస కలుపుకోవడం మనకి అలవాటే, నాకు గర్వం కూడా. ఆ వరస ఎదుటివాళ్ళ నోరు తెరిపిస్తుందో మూయిస్తుందో చూసుకోవాలని డెబ్బై ఏళ్ళు దాటాక, ఒక ఎనిమిదో తరగతి విద్యార్థిని దగ్గర నేర్చుకున్నాను. ఇలాంటి చుట్టాల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. పలకరింపు నేర్చుకున్నాక, ఆ పలకరింపుతో మీరు ఇంట్లో మిగతావాళ్ళకి ఏమవుతారో కాగితం మీద గీసి చూసుకోండి. అయిదు నిమిషాల పని.

సుభద్రా, చివరగా నీకో పని. గుల్షాత్ తన రుమాలు మీ హాల్లో కుర్చీ మీద మరిచిపోయింది, రాజాం చేరేదాకా అది లేదని కూడా గమనించలేదు. కొసన పులుసు మరక ఉంది. సబ్బు పెట్టకు, చల్లనీళ్ళలో కుంకుడు రసం వేసి ముంచి తియ్యి, కుచ్చులు పిండకు, నీడలో ఆరెయ్యి. ఆవిడ శనివారం వెళ్ళిపోతుంది కాబట్టి గురువారం రాజాం వెళ్ళే మీ పక్కింటి లెక్చరరుగారి చేతికిచ్చి జెరెన్‌కి అందేలా చూడు. మీద చీటీ పెట్టు. ఆవిడ నా కూతురైనప్పుడు నువ్వు ఆవిడకి పిన్నివి. చీటీ కింద దాయ్‌జా అని రాయి. ఆంటీ అని రాయకు.