వసుంధర మేడం అడిగిన ఇంటి రుణం

రైలు కుప్పం దాటి బెంగళూరు వైపు సాగుతుండగా పక్క సీటాయన ఫోన్‌లోంచి ముక్కలు పంచుతున్న చప్పుడు వచ్చింది. నిజమైన పేకముక్కల చప్పుడు కాదది. అంతకన్నా పదునుగా ఉండి, చివర చిన్న గంట మోగినట్టు ముగుస్తుంది. లేచి వెళ్లి తలుపు దగ్గర గాలికి నిలబడ్డాను. ఆ చప్పుడు వింటే నాకు వసుంధర మేడం గుర్తొస్తారు. ఆమెను మీరెవరూ ఎరగరు. నాకు ఉద్యోగం చేయడం నేర్పింది ఆమె. ఆమె గురించి ఒకనాడు నాకు తెలిసిన సంగతి ఎంత గట్టిగా తగిలిందంటే, ఇన్నేళ్లయినా ఆ అదురు నాలో పూర్తిగా తగ్గలేదు.

మాది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్లేవాళ్లు. డిగ్రీ అయ్యాక మదనపల్లెలో ఇళ్లకు రుణాలిచ్చే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడి మేనేజరు వసుంధర మేడం. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని స్కూటీ మీద ఊరంతా తిరిగేవారు. చేరిన కొత్తలో మా ఊరి పెద్ద రైతు ఒకాయన రుణం కోసం ఆఫీసుకు వచ్చాడు. మా అమ్మ ఏటా వేరుశనగ పీకేది ఆయన చేలోనే. ఆయన్ని చూడగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. "నువ్వు మన ఎల్లమ్మ కూతురివి గదా. పోయి మేనేజరమ్మను పిల్చుకోనిరా" అన్నాడు. మేడం తన గదిలోంచి బయటికి వచ్చారు. "మీ ఫైలు సూసేది ఈయమ్మేనప్పా. ఏం కావాలన్నా ఆమెనే అడగండి" అని, నా వైపు తిరిగి "కూసో రత్నా" అన్నారు. కూర్చున్నాను. ఆయన కాసేపు నిలబడి, తర్వాత నా ఎదురుగా కూర్చుని, జేబులోంచి పాసుపుస్తకం తీశాడు. నా జీవితంలో అంత పెద్ద మార్పు అంత తక్కువ మాటలతో మరెవరూ తేలేదు.

మా పనిలో కష్టమైనవి పాత అప్పుల వాయిదాలు తప్పినవాళ్ల దరఖాస్తులు. ఎవరు ఎప్పుడు కట్టలేదో కంప్యూటరులో కనిపిస్తుంది. క్రెడిట్ స్కోరు చూసి చాలాచోట్ల వాకిట్లోంచే పంపేస్తారు. మేడం మాత్రం వాళ్ల ఇంటికి వెళ్లేవారు, నన్నూ తీసుకెళ్లేవారు. పుంగనూరు దగ్గర ఒక టమోటా రైతు ఇంటికి వెళ్లాం. మోటరుబైకు అప్పు కంతులు వరసగా తప్పాయి. "బ్యాంకోళ్ల తప్పు మేడం, మేం కట్టినాం" అని అతను గట్టిగా చెప్పాడు. మేడం మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "అప్పా, ఆ నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. నాకు తెలిసినదాని కోసమైతే పైవాళ్లతో కొట్లాడతా. తెలీనిదాని కోసం ఎట్ల కొట్లాడేది?" అన్నారు. అతను తల వంచుకున్నాడు. వంటింటి గడప దగ్గర నుంచి భార్య మాట్లాడింది. "టమోటాలకు కోత కూలి గూడా రాలేదమ్మా. మార్కెట్టు కాడికి తీసకపోయి రోడ్డు పక్కనే పారబోసి వచ్చినాం. ఇంక బండి కంతు యాడ కడతాం." మేడం ఆ మాటను అలాగే రాసి పైకి పంపారు. వాళ్లకు రుణం వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద, "కంతు తప్పినోడు సెడ్డోడనీ కాదు, మంచోడనీ కాదు. పోయి అడిగితే గదా తెలిసేది" అన్నారు.

శనివారాలు ఆమె ఇంట్లోనే నా భోజనం. పిల్లలు లేరు. భర్త రెడ్డెప్ప గారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి, మాట తక్కువ. మదనపల్లెలో సొంత సంపాదనతో కట్టుకున్న ఆ ఇంటిని మేడం నాకు గది గదీ తిప్పి చూపించారు. గడపకు వేయించిన నల్లరాయి కుప్పం నుంచి తానే ఎంచి తెచ్చుకున్నానని చెబుతూ, దాన్ని చేత్తో తుడిచారు. అలాంటి ఇల్లు కట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను.

కొన్నేళ్లకు నేను వేరే కంపెనీకి మారాను. మేడంకు పుంగనూరు బదిలీ అయింది. ఫోన్లు పండగలకు మాత్రమే మిగిలాయి. నన్ను కుప్పం శాఖకు మేనేజరుగా వేసిన కొత్తలో, ఆ మాట మేడంకు ఇంకా చెప్పకముందే, ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు. "నువ్వు ఈడ ఉండావా?" అన్నారు. ఆ గొంతులో సంతోషం లేదు. ఒకసారి వెనక్కి, తలుపు వైపు చూశారు. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఇంటి లోను కోసం వచ్చినా రత్నా. వి.కోటలో చిన్న ఇల్లు ఒకటి సూసినాం."

నేను నవ్వాను. "మీ కంపెనీలోనే మీకు తక్కువ వడ్డీకి ఇస్తారు కదా మేడం. అయినా మదనపల్లె ఇల్లుండగా ఇంకో ఇల్లెందుకు?"

"దాన్ని అమ్మేసినాం."

వివరాలు కంప్యూటరులో కొట్టాను. తెర నిండా తప్పిన వాయిదాలు వచ్చాయి. క్రెడిట్ కార్డులు, చేతి ఖర్చుల రుణాలు, ఫోన్ యాప్‌లలో తీసుకున్న చిన్నచిన్న అప్పులు. నంబరు తప్పు కొట్టానేమో అని మళ్లీ కొట్టాను. మళ్లీ అవే వచ్చాయి. "మేడం, ఎవరో మీ పేరు వాడుకున్నట్టుండారు. మనం కంప్లయింటు ఇద్దాం" అన్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ, "అన్నీ నావే" అన్నారు. ఆమె లేచి, "ఇంటికి వచ్చి అడుగు. నేను నేర్పింది అట్లే గదా" అని వెళ్లిపోయారు.

పుంగనూరులో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. రెడ్డెప్ప గారు కాఫీ కలిపి తెచ్చారు. మేడం ఎవరో తోటి ఉద్యోగికి జామీను నిలబడితే అతను ఎగ్గొట్టి పోయాడని, అందుకే ఇల్లు అమ్మవలసి వచ్చిందని ఆయనే నాకు చెప్పారు. "ఊర్లోవాళ్లందరికీ ఇల్లిప్పిస్తాది, మనకొక చిన్న ఇల్లు ఇప్పించలేదా అని నేనే ఎంటబడి పంపించినా" అన్నారు. మేడం ఎందుకు అంత దూరం, తన అప్పులు తెరమీద చూసినా తనను ఎవరూ ఎరగని ఆఫీసుకు వచ్చారో అప్పుడు అర్థమైంది. జీతం అడిగాను, అద్దె అడిగాను. ఆపైన ఫైలులో కాగితాలు తిప్పుతూ ఉండిపోయాను.

"అడుగు రత్నా" అన్నారు మేడం.

"ఆ నెలల్లో ఏం జరిగింది మేడం?"

"నేను ఎవరికీ జామీను నిలబడలేదు. ఫోన్లో దుడ్లు పెట్టి పేకాట ఆడినా. ఈడికి బదిలీ అయినాక, పొద్దుపోక మొదలుపెట్టినా. ముందు గెలిచినా. పోయినదాన్ని మళ్లీ తెచ్చుకుందామని ఆడినా. ఇల్లు పోయింది దాంట్లోనే."

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఫైలు చదివి వినిపించినట్టు చెప్పారు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా అబద్ధాన్ని ఇట్టే పట్టుకునే మనిషి, పక్కనే కూర్చున్న భర్తకు ఇన్నాళ్లు అబద్ధం చెబుతూ బతికింది. గడప రాయిని చేత్తో తుడిచిన మనిషి ఆ గడపను ఫోన్‌లో పోగొట్టుకుంది. ఎదురుగా ఉన్నది నా మేడమేనా అని ముఖం వైపు చూశాను. ఆ ముఖమే, చెవుల దగ్గర ఆ నెరసిన వెంట్రుకలే.

రెడ్డెప్ప గారు గ్లాసు కింద పెట్టారు. ఆమెను కాదు, నన్ను ఉద్దేశించి, "ఇంకా ఆడతాండాదా అని గూడా అడుగమ్మా" అన్నారు.

మేడమే జవాబిచ్చారు. "పోయిన వారం గూడా ఆడినా."

ఆయన లేచి బయట మెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

రుణం ఇవ్వవద్దని రాసింది నేనే. మరునాడు మేడం ఫోన్ చేసి, ఏం రాశానో చదవమన్నారు. చదివాను. దరఖాస్తుదారు నిజం చెప్పారని, అయినా ప్రస్తుతానికి రుణం ఇవ్వడం తగదని. "ఆ ప్రస్తుతానికి అనే మాట తీసేయొద్దు. ఉండనీ" అని ఫోన్ పెట్టేశారు. నేను గది తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆమె తన ఆఫీసులో తానే చెప్పుకున్నారు. మేనేజరు కుర్చీలోంచి తీసి రాతపనిలో వేశారు. జీతం ఇద్దరి ఉమ్మడి ఖాతాలోకి మార్పించి, స్మార్ట్‌ఫోన్ తీసేసి బటన్ల ఫోన్ పెట్టుకున్నారు. కుప్పంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి రెడ్డెప్ప గారే తీసుకొచ్చేవారు. ఆ రోజుల్లో ఆయన ఆమెతో మాట్లాడేవారు కాదు. అయినా ప్రతిసారీ వెంట వచ్చేవారు, బస్సులో పక్కనే కూర్చునేవారు. ఆస్పత్రి నుంచి మా ఆఫీసుకు వస్తే ఇద్దరూ నాతోనే మాట్లాడేవారు. మధ్యలో ఒకసారి ఆమె పక్కింటివాళ్ల ఫోన్ అడిగి మళ్లీ ఆడారు. ఆ సాయంత్రమే ఆయనకు చెప్పేశారట. ఆయన అన్నం తినలేదు గానీ, తర్వాతి వారం డాక్టరు దగ్గరికి మాత్రం బయలుదేరదీశారు.

అప్పులన్నీ తీరి, స్కోరు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. రెండోసారి ఇద్దరూ కలిసే వచ్చారు. ఆ ఫైలు నేను చూడకుండా ఇంకో ఆఫీసరుకిచ్చాను. వి.కోటలో రెండు గదుల పాత ఇంటికి రుణం మంజూరైంది. సంతకాల రోజు మేడం, "ఇల్లు ఆయన పేరుతోనే ఉండనీ రత్నా. నా పేరు వద్దు" అన్నారు. రెడ్డెప్ప గారు కళ్లద్దాలు సర్దుకుంటూ, "ఇద్దరి పేర్లూ ఎయ్యమ్మా. ఆమె పేరు లేకపోతే అది ఇల్లెట్లవుతాది" అన్నారు. చాలాకాలం తర్వాత ఆయన ఆమె వైపు చూసి మాట్లాడడం నేను చూశాను. "సంతకం పెట్టు" అన్నారు. మేడం ఆయన పేరు కింద సంతకం పెట్టారు. నేను వేరే వైపు తిరిగి కాగితాలు సర్దాను.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పుతూ ఈ సంగతి చెప్పాను. తన సంగతి కూడా చెప్పమని మేడమే ఎప్పుడో అన్నారు. టమోటా రైతు ఇల్లు దాకా హాయిగా చెప్పాను. పుంగనూరు ఇంటి దగ్గరికి వచ్చేసరికి, ఆనాటి కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉన్నట్టే మాట తడబడింది. అంతా విని ఒక అమ్మాయి, "ఇది తెలిసినాక గూడా ఆమె మీద గౌరవం ఎట్లుంటాది మేడం?" అని అడిగింది. ఆమెను తలచుకుంటే ఉలికిపాటూ ప్రేమా రెండూ ఒకేసారి వస్తాయి. ఏ ఒక్కదాన్నీ వదిలించుకోలేకపోయాను.

"ఆదివారం వాళ్లింట్లో నాకు భోజనం" అన్నాను. "నాతో రా. నువ్వే సూద్దువు."