హవల్దారు బాబాయి మిలటరీ లారీ

హవల్దారు బాబాయి పోయాడు. పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న నేను కొట్టు తెరుస్తుంటే పక్కింటి గోడ మీంచి పిన్ని పిలిచింది. "ఓలమ్మా, ఓసారి రాయే. మీ బాబాయి టీ తాగతా తల వాల్సేసినారు." నేను వెళ్ళేసరికి గ్లాసులో మిగిలిన టీ ఇంకా వెచ్చగానే ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. తను బాధపడలేదు, ఎవర్నీ బాధపెట్టలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆమదాలవలసలో మాది ఇనప సామాన్ల కొట్టు, ఆయనది పక్కిల్లు. మిలటరీలో లారీలు నడిపి, బాగుచేసి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. ఒకసారి పాతపట్నంలో ఓ రైసు మిల్లు వెనకాల తుప్పుపట్టి పడున్న పాత మిలటరీ లారీ కంటబడింది. వేలంలో కొన్నవాళ్ళు దాన్ని అక్కడే వదిలేశారు. బానెట్ కింద ముంగిస పిల్లల్ని పెట్టింది. "ఇలాటి బండి మీదే నాను డ్రైవింగు నేర్సుకున్నాను" అంటూ ఇంకో లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. పిన్ని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అది కదలడానికి ఆరేళ్ళు పట్టింది. దొరకని భాగాలకు కాగితం మీద కొలతలు గీసి లేతు మిషను దగ్గర చేయించేవాడు. బోల్టుల కోసం రోజూ మా కొట్టుకొచ్చేవాడు. ప్రతి బోల్టుకీ గ్రీజు రాసి గానీ పెట్టేవాడు కాదు. ఎందుకని అడిగితే, "బిగించడం ఎవుడైనా బిగిస్తాడమ్మా. రేపు ఇప్పేవోడు మనల్ని తిట్టుకోకూడదు" అన్నాడు. ఇంజను మొదటిసారి అందుకున్న రోజు వీధంతా పొగ. జనం చప్పట్లు కొడుతున్నా ఆయన కళ్ళు మూసుకుని ఆ చప్పుడే వింటూ నిలబడ్డాడు.

నాకు నడపడం నేర్పుతానని ఆయనే అన్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి, స్కూటీ తప్ప తెలీదు. ఆ బండికి గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. స్టీరింగు తిప్పితే భుజాలు పడిపోయేవి. "గేరుతో దెబ్బలాడకమ్మా. ఒక్క నిమసం ఆగు, అదే వస్తాది" అనేవాడు. "కొట్టు కోడలు లారీ తోలడమేటి!" అని మా అత్తగారు నొచ్చుకున్నా, నా చేత హెవీ లైసెన్సు తీయించేదాకా ఆయన వదల్లేదు.

ఆ తర్వాతే ఆయనకు చూపు మందగించింది. డాక్టరు ఇంక బండి నడపొద్దన్నాడు. ఆదివారాలు ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు విని, ఆపేసేవాడు. అంతే.

ఒక తుఫాను మర్నాడు, మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కళింగపట్నం వైపు నుంచి పిన్నికి ఫోన్ చేసింది. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి, బస్సులూ ఆటోలూ రావడం లేదు, తమ వీధిలో ముసలివాళ్ళు చిక్కుకున్నారు. బాబాయి బండి తాళం పట్టుకుని మా కొట్టుకొచ్చాడు.

"నాను సూడలేను. నీకు ఇనడం ఇంకా రాదు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరవుతాం. రా."

నీటి అంచున బండి ఆపించి, ఫ్యాను ఇంజను మీదికి నీళ్ళు చిమ్మకుండా తడుముకుంటూనే దాని బెల్టు వదులు చేశాడు. నేను మొదటి గేరు వేశాను.

"బాబాయ్, రోడ్డు కనబడట్లేదు."

"నాకెప్పుడూ కనబడదు కదేటి! రెండు పక్కలా సెట్లున్నాయి కదా, మద్దిన పోనీ."

సగం దూరంలో ఇంజను దగ్గింది. యాక్సిలరేటరు మీంచి నా కాలు దానంతటదే లేవబోయింది. "కాలు తియ్యకు!" అని అరిచాడు. నేను తియ్యలేదు. ఇంజను మళ్ళీ అందుకుంది.

ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ ఎక్కించాం. చేపలావిడ మాత్రం ఎండుచేపల గంపలు లేకుండా రానని కూర్చుంది. గుడ్డు కూడా వండని ఇల్లు మాది. నేను నీళ్ళు నములుతుంటే బాబాయి, "ఎక్కించండ్రా, అది ఆల బతుకు కాదేటి" అన్నాడు.

వాళ్ళందరినీ శ్రీకాకుళంలో తుఫాను శిబిరం పెట్టిన బడి దగ్గర దింపి ఇంటికి తిరిగాం. కాస్త దూరం పోయాక, "గేరు సరిగ్గానే పడుతోందా, బాబాయ్?" అని అడిగాను. తిరిగి చూస్తే, తలుపుకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. పిన్నికి చెబితే నమ్మలేదు. "ఇంకొకరు తోల్తంటే ఆయన రెప్పెయ్యరే! మా పెళ్ళి బస్సులో కూడా డ్రైవరెనకాలే నిలబడొచ్చినారు" అంది. ఆయన నన్ను నోటితో ఎప్పుడూ మెచ్చుకోలేదు. నాకు ఆ నిద్ర చాలు.

అస్థికలు కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట కలిపాం. లారీ నేనే నడిపాను. కబురు విని చేపలావిడా, ఆ వీధివాళ్ళూ వచ్చి ఇసకలో నిలబడ్డారు. స్నానాలయ్యాక పిన్ని తడిచీరను లారీ వెనకాల కమ్మీలకు కట్టి, నేరుగా ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది. పెట్రోలు వాసన పడదని అన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కని మనిషి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "పోనీ అమ్మా" అంది.

గార ఊరు దాటాక అద్దంలోకి చూశాను. పసుప్పచ్చ చీర గాలికి నిండుగా ఉబ్బి, ఆరుతూ, మా వెనకే వస్తోంది.