బండిలో లైట్లన్నీ వెలిగిన రోజు, మా అత్త

పోయిన నెల ఒక పొద్దున, ఇంటి ముందర కారుకు పెట్టిన చార్జింగ్ వైరు తీస్తా ఉంటే లోపల్నుంచి మామ పిలిచినాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"పాపా, మీ అత్త లేస్తాలేదు" అన్నాడు.

చేతిలోని వైరు యాడ పడేసినానో గుర్తు లేదు. అత్త గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పినాడు. మామకు కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు డయాలసిస్‌కు తీసుకుపోతాం. ఇంట్లో అందరం ఆయన కోసమే భయపడేవాళ్లం. రాత్రిపూట ఆయన ఊపిరి వింటా పడుకునేది అత్త. ఆమె ఊపిరి వినాలని మాకెవరికీ తోచలేదు.

మా చుట్టాల్లో ఎవర్నడిగినా మా అత్త గురించి ముందు ఆమె నోటి గురించే చెప్తారు. అది అబద్ధం కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను చేసిన పప్పు నోట్లో పెట్టుకొని, "మీ ఊర్లో చింతపండు పండదా?" అని అడిగింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చినాను. ఆమె మళ్లీ అన్నం పెట్టించుకొని అదే పప్పుతో తినిందని నేను చాలాకాలానికి గానీ గమనించలేదు. మామకు ఉప్పు మానిపించినాక ఆమె కూడా మానేసింది. ఎవరితోనూ చెప్పలేదు. ఒకరోజు పొరపాటున ఆమె కంచంలో కూర రుచి చూసి, నాకు తెలిసింది. ఎందుకత్తా అంటే, "ఆయన పక్కన కూచోని నేను ఊరగాయ నాకేదా?" అనింది.

మాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు. కరెంటుతోనూ నడుస్తుంది, పెట్రోలుతోనూ నడుస్తుంది. మా ఆయన బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చినాడు. రాత్రంతా చార్జింగ్ పెడితే పొద్దున్నే నంద్యాల దాకా కరెంటు మీదనే పోతుంది. వచ్చేటప్పుడు పెట్రోలు అందుకుంటుంది. మా ఆయన విత్తనాల వ్యాపారం మీద ఊర్లు తిరుగుతా ఉంటాడు కాబట్టి మామ కోసమని నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మామ వెనక సీట్లో కాళ్లు చాపుకుంటాడు, అత్త నా పక్కన కూచుంటుంది. కరెంటు మీద పోయేటప్పుడు ఆ కారుకు శబ్దం ఉండదు. అది అత్తకు నచ్చేది కాదు. "నడుస్తాందో నిలబడిందో తెలీని బండి ఏం బండి?" అనేది.

నేను మీకు చెప్పాలనుకున్నది ఎండాకాలంలో ఒక సోమవారం జరిగిన సంగతి.

డయాలసిస్ మనుషులున్న ఇండ్లల్లో సోమవారమంటే భయం. మధ్యలో ఆదివారం కలిసి రావడంతో రెండు రోజులు డయాలసిస్ ఉండదు, ఒంట్లో నీళ్లు ఎక్కువ చేరతాయి. ఆ రోజు మామ పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఆయాసంతో వెనక్కి వాలలేక, ముందు సీటు పట్టుకొని కూచున్నాడు. సిరివెళ్ల దాటినాక ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినాము. డిక్కీలో ఏదో దొర్లినట్టు దబ్బుమనింది. ఏముందత్తా డిక్కీలో అని అడిగినాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తా, "రోడ్డు సూడు" అనింది.

ఇంకొంచెం దూరం పోయినామో లేదో, స్టీరింగ్ వెనక ఉన్న తెర ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది. ఆ వెంటనే ఒకదాని వెనక ఒకటి లైట్లు. బ్రేకుల గుర్తు, జారే కారు బొమ్మ, స్టీరింగ్ బొమ్మ, ఇంజను బొమ్మ, అన్నీ పసుపు. వాటి మధ్యలో ఎర్రగా ఇంకొక బ్రేకుల గుర్తు. కింద ఇంగ్లీషులో హైబ్రిడ్ సిస్టంలో లోపముంది, బండి ఆపమని అక్షరాలు. టింగు టింగుమని ఒకటే మోత. మలుపు తిప్పబోతే స్టీరింగ్ నా చేతుల్లో రాయి లాగా బిగుసుకుంది. వెనక లారీ హారన్ కొడతా ఉంది. బలమంతా పెట్టి తిప్పి, రోడ్డు పక్క మట్టిలోకి దించి నిలబెట్టినాను.

దిగి బానెట్ ఎత్తి చూసినాను. పొగ లేదు. కాలిన వాసన లేదు. బ్రేక్ ఆయిల్ గీతల మధ్యలోనే ఉంది. నారింజ రంగు వైర్లలో పెద్ద కరెంటు ఉంటుంది, వాటి జోలికి పోవద్దని బండి అమ్మినాయన చెప్పింది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కంటికి ఏ లోపమూ కనపడలేదు. కనపడకపోవడంతో భయం ఇంకా ఎక్కువైంది. బండి ఆఫ్ చేస్తే మళ్లీ లేస్తుందో లేదో తెలీదు. ఆఫ్ చేయకుంటే లోపల ఏం కాలుతుందో తెలీదు. ఏసీ ఇంకా చల్లగానే వస్తా ఉంది. ఆ ఎండలో మామకు ఉన్న ఆసరా అదొక్కటే.

మా ఆయనకు ఫోన్ చేసినాను. ఆయన కడపలో ఉన్నాడు. అవి సెన్సార్ల లైట్లు, ఒకసారి ఆపి స్టార్ట్ చేసి మెల్లగా పోనీ, ముందు నాయన్ను నంద్యాలకు చేర్చు అన్నాడు. పక్కన లారీ ఆపి దిగిన డ్రైవరు కూడా అదే మాట చెప్పినాడు. లైట్లకు భయపడితే బండ్లు నడపలేమమ్మా అని నవ్వినాడు. మామ తలెత్తి, పోదాం పాపా, నాకు ఊపిరాడటం లేదు అన్నాడు.

అంతమంది ఒకటే మాట అంటా ఉంటే నా మీద నాకే నమ్మకం పోయింది. అప్పుడు అత్త నా దగ్గరికొచ్చి నిలబడింది. ఆమెకు కార్ల గురించి ఏమీ తెలీదు. ఎర్ర లైటంటే ఏమి, పసుపు లైటంటే ఏమి అని అడిగింది. పసుపంటే జాగ్రత్త, ఎరుపంటే ఆపమని అని చెప్పినాను.

"వాళ్లందరూ చెప్పింది ఇన్నా. బండి నీ చేతిలో ఉండాది. నీకేమనిపిస్తాంది?"

"ఒక్క పసుపు లైటే అయింటే మెల్లగా పోయేదాన్ని అత్తా. ఎర్రది బ్రేకులది. స్టీరింగ్ తిరగతాలేదు. నేను నడపలేను."

"అయితే నడపొద్దు."

అంతే. ఇంకో మాట అడగలేదు. నా చేతిలోని ఫోన్ తీసుకొని కొడుకుతో, "పిల్ల నడపనంటాంది, నడపదు. మెకానిక్‌ను పంపు" అని పెట్టేసింది. ఆ ఇంట్లో అన్నేండ్లుగా ఉన్నాను. నా మాట మీద ఒకరు ఆగిపోవడం అదే మొదటిసారి. అదీ వెనక సీట్లో ఆమె భర్త ఊపిరి కోసం కొట్టుకుంటా ఉన్నప్పుడు.

తర్వాత ఆమె కొంగు నడుముకు చెక్కుకొని రోడ్డు మీదికి పోయింది. ఒక బస్సు ఆగకుండా పోయింది. రెండు కార్లు పోయినాయి. సంతకు బట్టల మూటలు వేసుకొని పోతున్న ఒక సాయిబు చిన్న వ్యాన్‌కు ఎదురుగా పోయి నిలబడింది. ఆయన బ్రేకు తొక్కి, తల బయటికి పెట్టి ఏదో అనబోయి, ఆమె మొగం చూసి ఆగిపోయినాడు. "భాయ్, మా ఆయనకు డయాలసిస్ టైమైపోతాంది. నంద్యాల దాకా తీసకపో" అనింది. ఆయన వెంటనే దిగి మూటలు జరిపినాడు. మామకు ఒకటి వీపుకు పెట్టినాడు. ఇంక ఒక్క మనిషికే చోటుంది.

అత్త ఎక్కుతుందనుకున్నాను. ఆమె నన్ను ముందుకు తోసింది.

"ఆడ నర్సులతో మాట్లాడేది నీకు తెలుసు. నువ్వు పో. బండిని నేను సూసుకుంటా, మనిషిని నువ్వు సూసుకో."

మామ ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, ఆ చెయ్యి నా చేతిలో పెట్టింది. నేను కారు ఆఫ్ చేసినాను. కారులో కూచోవద్దు, రోడ్డుకు ఎడంగా ఉండు, ఎవరొచ్చినా నారింజ వైర్లు ముట్టనీయొద్దు అని చెప్పి తాళం ఇచ్చినాను. వ్యాన్ కదిలినాక వెనక్కి చూస్తే, ఎండలో ఆ చచ్చిన బండి పక్కన ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

నంద్యాల చేరేలోపల మామ పెదాలు నల్లబడినాయి. సాయిబు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆసుపత్రి దగ్గర ఇద్దరం చెరొక పక్క పట్టుకొని లోపలికి తీసుకుపోయినాము. ఆక్సిజన్ పెట్టి, మిషన్‌కు ఎక్కించి, ఇంకొంచెం ఆలస్యమైంటే కష్టమయ్యేదని నర్సు చెప్పినాక అత్తకు ఫోన్ చేసినాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసినాను. చాలాసార్లు చేసినాను. హైవే మీద ఒంటరిగా వదిలేసొచ్చిన మనిషి. లోపల మిషన్ మీద మామ, బయట వరండాలో నేను. అటూ ఇటూ నడవడం తప్ప నాకు చేతనైంది లేదు. ఆమె ఫోన్ మామ మందుల సంచిలో మోగుతా ఉందని, ఆ సంచి నర్సు బల్ల కింద ఉందని నాకు తెలీదు.

మధ్యాహ్నం దాటినాక అత్త వచ్చింది. మొగమంతా ఎండకు కమిలిపోయి, చీర అంచు మట్టి కొట్టుకొని ఉంది. "సూది పెట్టినారా?" అని అడిగింది. పెట్టినారని చెప్తే గోడకానుకొని కింద కూలబడింది. నీళ్లిస్తే కొన్ని తాగి, కొన్ని మొగాన చల్లుకుంది.

నంద్యాల నుంచి మెకానిక్ పోయి, బండిని సరిచేసి, ఆమెను ఎక్కించుకొని వచ్చినాడు. ఆయన చెప్పిన సంగతి ఇది. ఆ కారులో పెద్ద బ్యాటరీ కాక, మామూలు కార్లలో ఉండేట్టు చిన్న బ్యాటరీ ఒకటి డిక్కీ అడుగున ఉంటుంది. బండిలోని కంప్యూటర్లన్నిటికీ కరెంటు దాన్నుంచే. దాని వైరు బిగింపు వదులైంది. కరెంటు సరిగా అందక అన్నీ ఒకేసారి గోల పెట్టినాయి. బిగించినాక, బండి లోపాలు చూపే మిషన్ పెట్టి అన్నీ చూసినాడు. బ్రేకుల్లో లోపం లేదు. మిగిలిన లైట్లు చెరిపేసినాడు. చిన్న బ్యాటరీ పాతబడింది, మార్చుకోండి అన్నాడు. అట్లనే నడిపింటే ఏమయ్యేదని అడిగితే, చేరిండొచ్చు, నడిరోడ్డులో ఆగిపోయిండొచ్చు, చెప్పలేం అన్నాడు.

సాయంత్రం మా ఆయన వచ్చినాడు. భయంతో వచ్చిన కోపం నా మీద చూపించినాడు. గుంతలో వేసింటావు, లేకుంటే వైరు ఎట్ల వదులవుతుంది అని అందరి ముందరా అన్నాడు. అత్త లేచి నిలబడింది.

"గుంత కాదు, రోలు. మీ చెల్లెలికని మన ఊరి రాతి పనోళ్ల కాడ రోలు చేపిచ్చి, తెల్లారుతో డిక్కీలో పెట్టినా. అది దొర్లి ఆ బ్యాటరీ మీది మూత పగిలి, వైరు కదిలింది. తప్పు నాది. బండిదీ కాదు, పిల్లదీ కాదు."

పెద్దవాళ్లు అందరి ముందరా అంత తేటగా తప్పొప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మంచం మీద మామ మెల్లగా నవ్వినాడు. మా ఆయన ఊరుకోకుండా, అయినా మెల్లగా పోయింటే చేరేవాళ్లు కదా అని గొణిగినాడు. "చేరిండొచ్చు. ఆగినాము. మనిషి బతికినాడు. ఇంగ ఆ మాట వదిలెయ్" అనింది.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటయింది. బండి ఆన్ చేయగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోతాయి కదా, ఆఖరిది ఆరేదాకా వంగి చూసేది. "అన్నీ నిద్రపోయినాయి, పోనీ" అనేది. నేను ఇంట్లో ఎప్పుడైనా పనులన్నీ ఒకేసారి మీద పడి విసుక్కుంటే, ఆ రోజు మెకానిక్ దగ్గర నేర్చుకున్నదే తన మాటల్లో చెప్పేది. "ఇంట్లో అందరూ ఒకేసారి అరుస్తాండారంటే అందరికీ రోగమొచ్చిందని కాదు పాపా. పొయ్యి మీద ఏమీ లేదని." ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఆమె పోయిన రోజు మామ డయాలసిస్ తప్పిపోయింది. తర్వాతి వంతుకు తీసుకుపోవాలంటే చుట్టాలు ఒప్పుకోలేదు. కార్యం కాకుండా ఆయన గడప దాటకూడదన్నారు. మా ఆయన తల వంచుకొని కూచున్నాడు. మామ కూడా, "ఇంగ నాకెందుకు పాపా అదంతా" అన్నాడు. నేను పోయి కారు వెనక డోరు తెరిచి పట్టుకొని నిలబడినాను. ఎంతసేపటికో ఆయనే గోడ పట్టుకొని మెల్లగా వచ్చి కూచున్నాడు.

నంద్యాలలో ఆయన్ను లోపలికి పంపి వరండాలోకి వచ్చినాను. మాతోపాటు అవే రోజుల్లో మనుషుల్ని తెచ్చుకునే ఆడవాళ్లు ఆడ సిమెంటు బల్ల మీద వరసగా కూచోనుంటారు. వాళ్లకింకా తెలీదు. నన్ను చూడగానే, అత్త వెనకే వస్తా ఉంటుందనుకొని, మాటలాపకుండానే ఒకరినొకరు నెట్టుకుంటా పక్కకు జరిగినారు. తర్వాత నా వెనక చూసినారు. మళ్లీ నా మొగం చూసినారు. చివర్న కూచున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని ఆ చోట్లో కూచోబెట్టింది.

అత్త భారీ మనిషి. వాళ్లు ఆమెకు సరిపడా జరిగినారు. నేను కూచున్నాక నా పక్కన ఇంకా జానెడు చోటు మిగిలింది. మామ బయటికొచ్చేదాకా ఎవరూ అందులోకి జరగలేదు.