మాంచెస్టర్‌కు పన్నెండు కాజాలు

టోక్యోలో ఒక సంగీత కంపెనీలో, కచేరీలకు సౌండ్ చూసే బృందంలో ఏడాది పనిచేశాను. మొదటి మూడు నెలలూ నా పని కేబుళ్ళు చుట్టడమే. మెలిక పడితే మా బృందం పెద్ద మోరి గారు ఒక్క మాట అనేవారు కాదు, విప్పి మళ్ళీ నా చేతిలో పెట్టేవారు. అక్కడ ఉద్యోగం మానేసేవాళ్ళు చివరి రోజు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, విడిగా పొట్లం కట్టిన మిఠాయి చేతికిచ్చి సెలవు తీసుకోవాలి. ఏడ్చేస్తానేమోనని భయపడి నేను అందరికీ కలిపి ఒక్క ఈమెయిల్ పడేసి విమానమెక్కాను. మోరి గారు జవాబివ్వలేదు. రెండేళ్ళుగా నాకదే బాధ. ఆ బృందం కచేరీకి మాంచెస్టర్ వస్తోందని తెలిసి, వాళ్ళ మేనేజర్‌కు రాసి, ముందు జరిగే సౌండ్ చెక్‌కు వెళ్ళడానికి అనుమతి తెచ్చుకున్నాను.

బర్మింగ్‌హామ్‌లో మా పక్క వీధి ఆంటీ ఆర్డరిస్తే గొట్టం కాజాలు చేసిపెడతారు. "జపానోళ్ళు కాజా తింటారంటావా అమ్మా? పాకం కారిందంటే చొక్కాలు పాడైపోవూ?" అన్నారు.

"స్టేజీ పనోళ్ళందరివీ నల్ల చొక్కాలే ఆంటీ, ఏం కనపడదు."

శనివారం పన్నెండు గంటల రైలెక్కాను. ముందే కొన్నాను కాబట్టి రానూపోనూ ముప్ఫై పౌండ్లలోపే అయింది. దారి గంటన్నర పైచిలుకు. బృందంలో పదకొండు మంది, పన్నెండోది నాకు. బల్ల మీద బటర్ పేపర్ పరిచి పొట్లాలు కడుతుంటే ఎదురు సీటు పెద్దావిడ "పెళ్ళికా?" అని అడిగింది. "కాదండీ, క్షమాపణకి" అన్నాను. "అయితే నాకూ ఒకటి కావాలి, మా చెల్లెలితో మాటల్లేవు" అంది. నా వాటా అలా పోయింది.

పికడిలీ స్టేషన్ నుంచి హాలుకు పావుగంట నడక. వానకు గొడుగు ఆగలేదు, డబ్బా మాత్రం కోటులో భద్రంగా ఉంది. ఈ వృత్తిలో జపాన్‌వాళ్ళు తమలో తాము ఏ వేళ కలిసినా గుడ్ మార్నింగే చెప్పుకుంటారు. అతిథులకైతే వేళను బట్టి పలకరింపు. మధ్యాహ్నం రెండున్నరకి మోరి గారి ముందు నిలబడి, ఏది అనాలో తెలియక, ఒంగి దండం పెట్టి పొట్లం చాచాను.

ఆయన కాజా కొరికారు. పాకం గడ్డం మీదికి కారింది. నెమ్మదిగా తుడుచుకున్నారు.

"గుడ్ మార్నింగ్," అని నేల మీది కేబుల్ చూపించారు.

గబగబా చుట్టాను. మెలిక పడనే పడింది. ఆయన విప్పి మళ్ళీ నా చేతిలో పెట్టారు. రెండేళ్ళ క్రితం ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకోలేదు.

మిగతా పది మందికీ పేరు పేరునా పొట్లం ఇచ్చి సెలవు తీసుకున్నాను. ఆ ఏడాది నేర్చుకున్న పనికి ఇప్పుడు చివరి పాఠం అయినట్టుంది, కడుపు నిండిపోయింది. అయిదింటి రైలు మాత్రం తప్పిపోయింది. అందుకే మీకో మాట: ఇలాంటి పని మీద వెళ్తే ఫలానా రైలుకే చెల్లే చౌక టికెట్ తిరుగు ప్రయాణానికి కొనకండి. సెలవు తీసుకోవడానికి టైము పడుతుంది.